విమాన భాగాలు: గడువు రాగానే మార్చడం మేలా, పగులు దొరికాక మార్చడం మేలా?

ఒక్కసారి మోపితే లోహం తేలిగ్గా తట్టుకునే బరువే, వేలసార్లు మోపి తీస్తుంటే దాన్ని విరిచేస్తుంది. రేకుల్ని కలిపే రివెట్ రంధ్రం అంచునో, చిన్న గీత దగ్గరో పగులు పుట్టి, లోడు పడ్డ ప్రతిసారీ రవ్వంత సాగుతుంది. ఇంజనీర్లు దీన్ని ఫటీగ్ అంటారు. విమానాల్లో దీన్ని కాచుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటిది సేఫ్ లైఫ్. భాగాన్ని విరిగేదాకా పరీక్షించి, అది ఓర్చుకున్న సైకిళ్లలో (లోడు ఒకసారి పడి తీస్తే ఒక సైకిల్) కొంత భాగాన్నే గడువుగా పెడతారు. మందుల ఎక్స్‌పైరీ లాంటిదే: గడువు దాటాక బాగున్నా పక్కన పడేయాల్సిందే. డబ్బు వృథా సంగతి అలా ఉంచితే, భాగం లోపం లేకుండానే పుట్టిందన్న నమ్మకం మీద ఈ లెక్క నడుస్తుంది. 1969 డిసెంబరులో అమెరికా ఎఫ్-111 యుద్ధవిమానం రెక్క గాల్లోనే ఊడిపోయింది. అప్పటికి అది ఎగిరింది వంద గంటల పైచిలుకే. ఫోర్జింగ్‌లోనే, అంటే లోహాన్ని కాల్చి ఒత్తి మలిచేటప్పుడే, పడ్డ లోపం ఎవరి తనిఖీలోనూ దొరకలేదు.

ఆ దెబ్బతో డ్యామేజ్ టాలరెన్స్ బలపడింది. ఇందులో పగులు మొదటి రోజు నుంచే ఉందనుకుంటారు. పరికరానికి చిక్కే సైజు నుంచి ప్రమాదకరమైన సైజుకు పెరగడానికి ఎన్ని ప్రయాణాలు పడతాయో లెక్కేసి, ఈలోపు ఒకటికి రెండు తనిఖీలు పడేలా చూస్తారు.

విమానం పైతొడుగుకు నా ఓటు దీనికే. అల్యూమినియం రేకులో పగులు చాలా పొడవు సాగాకగానీ ముప్పు రాదు, కాబట్టి పట్టుకునే వ్యవధి ఉంటుంది. అలాగని ధీమా పనికిరాదు. 1988లో 89,680 ప్రయాణాలు చేసిన అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు ఎగిరిపోయింది. అక్కడ ఉన్నది ఒక్క పెద్ద పగులు కాదు, రివెట్ల వరుస పొడవునా పుట్టిన చిన్నచిన్న పగుళ్లు కలిసిపోయాయి.

ల్యాండింగ్ గేర్‌కు (విమానం చక్రాలుండే కాళ్లకు) మాత్రం గడువే నయం. అంత గట్టి స్టీలులో చిన్న పగులు చాలు విరగడానికి. అది దొరికేలోపే పని అయిపోవచ్చు.

ఇక ఇంజన్ డిస్కులకు, అంటే బ్లేడ్లను పట్టి తిరిగే చక్రాలకు, ఏ ఒక్కటీ చాలదు. 1989లో అమెరికాలోని సూ సిటీలో కూలిన డీసీ-10 విమానం ఇంజన్ ఫ్యాన్ డిస్కు గడువు 18,000 సైకిళ్లు, పగిలింది 15,503 దగ్గర. మూలం టైటానియంలో పుట్టుకతో ఉన్న లోపం. అందులోంచి పెరిగిన పగులు తనిఖీ చేసినవాళ్ల కళ్లుగప్పింది. ఆ తర్వాత డిస్కులకు గడువుతో పాటు, లోపం ఉందనుకుని వేసే లెక్క కూడా తోడైంది.