తాటాకా, కాగితం గుజ్జా, పాత చీరా: చేత్తో బుట్ట చేయాలంటే ఏది మేలు?

మా ఇల్లు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా కింది గదిలో నడుము లోతున నీళ్లు నిలిచాయి. నీరు తీశాక తలుపు నెట్టి చూస్తే, పదేళ్లుగా నా చేత్తో చేసుకున్న బుట్టలూ తట్టలూ అన్నీ ఒకే మూలకు చేరి ఉన్నాయి. కాగితం గుజ్జుతో చేసినవి మళ్లీ గుజ్జయిపోయాయి. తాటాకు బుట్టలు ఆకారం చెడలేదు కానీ నల్లటి బూజు కప్పుకున్నాయి. పాత చీరల బుట్టలు బురద ముద్దల్లా పడి ఉన్నాయి. ప్లాస్టిక్ పట్టీలతో అల్లిన ఒక్క బుట్ట మాత్రం ఏమీ ఎరగనట్టు నిటారుగా కూర్చుంది, లోపల వేలెడంత చచ్చిన చేపతో సహా.

ఆ వారం బుట్టల గురించి తలచుకునే తీరికెక్కడిది! కానీ ఆ తర్వాత ఎవరైనా "చేత్తో ఏదైనా చేద్దామనుకుంటున్నాను, దేనితో మొదలుపెట్టను?" అని అడిగితే నాకు ఆ మూలే కళ్లముందుకు వస్తుంది. చూడముచ్చటగా ఉండటం, ఖర్చు లేకపోవడం, చెత్త తగ్గడం అన్నీ లెక్కలోవే. అయితే కృష్ణ ఒడ్డున, బందరు, ఏలూరు, రైవస్ కాలువల నడుమ బతికే ఊళ్లో మొదట అడగాల్సింది తడి సంగతి. వరద రాకపోయినా శ్రావణం నుంచి కార్తీకం దాకా మా గోడలు చెమ్మగిల్లుతూనే ఉంటాయి.

కాగితం గుజ్జుతో మొదలుపెడతాను. వరదలో అన్నిటికంటే ముందు ఓడింది అదే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే.

ఈ పని నేర్పింది మా పై వాటాలో ఉండే పిన్నిగారు. ఆవిడకు ఎనభై దాటాయి. గుంటూరు పక్క పల్లెలో ఆవిడ చిన్నప్పుడు వెదురు చేటల సందులు పూడ్చడానికి కాగితమూ మెంతులూ కలిపి రుబ్బిన ముద్ద అలికేవారట. అదే ముద్దను బోర్లించిన గిన్నె మీద మెత్తి తట్టలూ చేసేవారు. పాత దినపత్రికలను కత్తెరతో కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. చింపిన అంచున పీచు విడుతుంది కాబట్టి నీళ్లు త్వరగా పీలుస్తుంది. మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. లేకపోతే మూడో రోజుకు వాసన వస్తుంది, ఇంట్లో వాళ్లతో మాట పడాల్సి వస్తుంది. కిలో కాగితానికి 150 గ్రాముల మెంతులు ముందు రాత్రి నానేసి రుబ్బి, పిండిన కాగితంలో కలిపి రోట్లో దంచాలి. గ్రైండరులో వేయొచ్చు కానీ కొంచెం కొంచెంగా, నీళ్లు ధారాళంగా పోసి వేయాలి. ముద్ద తీసి బొటనవేలితో చూపుడు వేలి మీద రాస్తే కాగితం పలుకు తగలకూడదు. ఒక్క అక్షరం కూడా కనిపించకుండా అంతా బూడిద రంగులోకి మారినప్పుడు గుజ్జు అయినట్టు.

ఒకసారి మెంతుల ధర చూసి సగమే వేశాను. పిన్నిగారు ముద్దను ఇలా నొక్కి అలా వదిలేశారు.

"మెంతులు తగ్గించావు కదమ్మా?"

"కొంచెమే తగ్గించాను పిన్నిగారూ."

"కాగితానికి పట్టు ఎక్కడుంటుంది? పట్టంతా మెంతిదే."

ఆవిడ మాటలో శాస్త్రం ఉంది. దినపత్రిక కాగితంలో పీచు పొట్టిది, బలహీనమైనది. ఆ పొట్టి పీచును పట్టి ఉంచేది మెంతి జిగురే. నాకు తర్వాత తెలిసిన కిటుకు ఒకటుంది: కోడిగుడ్ల అట్ట ట్రేలు. అవి చేసిందే కాగితం గుజ్జుతో కాబట్టి ఒక పూట నానితే చాలు, విడిపోతాయి. గోధుమ రంగు అట్టపెట్టెల పీచు పొడవు, గట్టిది. సగం ట్రే, సగం అట్టపెట్టె కలిపితే తట్ట చెక్కలా మోగుతుంది. మెరిసే కాగితాల వారపత్రికలు మాత్రం వద్దు. ఆ మెరుపు కోసం పూసే తెల్ల మట్టి గుజ్జులో కలిసి, ఎండాక పొడిపొడిగా రాలుతుంది.

స్టీలు బేసిన్‌ను బోర్లించి, నూనె రాసి, తడి పలుచని గుడ్డ పరిచి, వేలెడు మందాన గుజ్జు మెత్తాలి. మొదటి రోజు నీడలోనే ఉంచాలి. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి పగులుతుంది. మే నెలలో మూడు రోజులకు ఎండిన తట్ట ఆగస్టులో ఎనిమిది రోజులకు కూడా లోపల చల్లగానే ఉంటుంది. పైపూతకు చింతగింజల జిగురు నాకు నచ్చింది. చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపితే వచ్చే మక్కుతోనే మన పక్కనున్న కొండపల్లిలో బొమ్మల అతుకులు పూడుస్తారు. తెల్ల పొణికి కర్రతో చేసిన బొమ్మకు చేయీ కాలూ నిలబడేది ఆ మక్కు వల్లే. రంపపు పొట్టు, చింతగింజలు రెండూ పారేసేవే కదా! పాత వస్తువులతో కొత్తవి చేయడమనేది ఇప్పుడు పుట్టిన విద్యేమీ కాదు.

ఇక దోషాలు. అందులో తినేవి పెట్టకండి. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదని, పత్రికల కాగితంలో ఆహారం చుట్టవద్దని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే చెప్పింది. రుబ్బినంత మాత్రాన సిరా పోదు. దారపు ఉండలు, తాళాలు, కొలువు పెట్టే రోజుల్లో బొమ్మల నగలు వేసుకోవడానికి బాగుంటుంది. చెంబెడు నీళ్లు ఒలికితే అడుగు ఉబ్బుతుంది. మెంతి చేదుకు పురుగు రాదంటారు కానీ నా తట్టల్లో పుస్తకాల పురుగులు సుఖంగానే కాపురం చేశాయి.

పాత చీరది వేరే కథ. మెత్తగా ఉంటుంది, ఆకారం నిలవదేమో అని నేనూ మొదట చిన్నచూపు చూశాను. ఆరు గజాల నూలు చీరను నిలువునా రెండు వేళ్ల వెడల్పున, అంటే సుమారు నాలుగు సెంటీమీటర్లకు ఒకటిగా చింపితే ఇరవై ఎనిమిది దాకా పేలికలు వస్తాయి. నేత నూలు చీరకు మొదట చిన్న గాటు పెడితే చాలు, పోగు వెంట సూటిగా చిరుగుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడు మొదటిసారి గుండె తరుక్కుపోయింది, అది మా అమ్మ చీర. రెండోసారికి అలవాటైంది. మూడేసి పేలికలు కలిపి జడలా అల్లితే తొమ్మిది జడలు, ఒక్కొక్కటి నాలుగున్నర మీటర్లకు తగ్గదు. మొత్తం నలభై మీటర్లు. పాతిక సెంటీమీటర్ల వెడల్పు, జానెడు ఎత్తున్న బుట్టకు పదమూడు మీటర్ల జడ పడుతుంది. అంటే ఒక్క చీరకు మూడు బుట్టలు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది ఒక బుట్టకే చీర అంతా చింపి మిగిలినది ఏం చేయాలో తెలియక మూట కట్టి పెడతారు.

జడను చాపలా చదునుగా చుట్టుకుంటూ, చుట్టుకూ చుట్టుకూ మధ్య దబ్బనంతో కుట్టాలి. అడుగు చాలినంత వెడల్పు వచ్చాక జడను కొంచెం పైకి ఎత్తి పట్టి కుడితే గోడ దానంతట అదే లేస్తుంది. మంగళగిరి చీరైతే జరీ అంచును ముందే వేరు చేసి ఉంచండి. అది చిరగదు, చేతికి గరుకు, కానీ పిడికి దాన్ని మించింది లేదు. బొంతలు కుట్టిన చేతులకు ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు లేదు.

వరద తర్వాత తేలింది ఒకటుంది. నా దగ్గర ఉన్న ఐదు చీర బుట్టలనూ వేడినీళ్లలో సబ్బు వేసి మూడుసార్లు ఉతికి మేడ మీద ఆరేశాను. పురికొసతో కుట్టిన రెండింటి కుట్లు కుళ్లి విడిపోయాయి. నైలాను దారంతో కుట్టిన మూడూ మరకలు మిగుల్చుకుని మళ్లీ బుట్టలయ్యాయి. గుడ్డ ఓడలేదు, ఓడింది కుట్టు. అప్పటినుంచి పురికొస మానేశాను. నైలాను పూర్తిగా ప్రకృతి సిద్ధం కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. బుట్ట పదేళ్లు నిలిస్తే ఆ కాస్త దారం మీద నాకు పట్టింపు లేదు.

అందంలో తాటాకు దగ్గరికి ఏదీ రాదు. కొత్త ఆకు బుట్టకు ఉండే ఆ లేత గడ్డి వాసన కోసమైనా ఒకటి ఇంట్లో ఉండాలనిపిస్తుంది. చిక్కల్లా సామగ్రి దగ్గరే. సన్నని అల్లికకు కావలసింది ఇంకా విచ్చుకోని లేత మొవ్వాకు. తాటిచెట్టుకు పెరిగే మొన ఒక్కటే. అది చనిపోతే చెట్టే పోతుంది. మొవ్వాకులు పదేపదే కోస్తే చెట్టు నీరసిస్తుంది. చెట్టు మీద పట్టున్న గీత కార్మికులకు ఏది కోయవచ్చో తెలుసు, మనకు తెలియదు. నేను చేసేది వేరు: ఏప్రిల్, మే నెలల్లో బందరు రోడ్డు మీద ముంజలు అమ్మేవాళ్లు తెచ్చిన ఆకులు సాయంత్రానికి అక్కడే మిగిలిపోతాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు, చెత్త పని తగ్గుతుందని. అవి ముదురు ఆకులు, బిరుసు. నడిమి ఈనెను చాకుతో తీసి, చీలికలను నీడన ఆరబెట్టి, అల్లేముందు అరగంట తడిపితే మోటు బుట్టకు పనికొస్తాయి. ఈనె తీసేటప్పుడు వేలు తెగుతుంది. తెగుతుందేమో అని కాదు, తెగుతుంది. అడుగు అల్లడం ఒక పూటలో వస్తుంది కానీ అంచు మడిచి లోపలికి దోపడం నాకు నాలుగు బుట్టల తర్వాత గానీ చేతికి రాలేదు. బూజు పట్టిన రెండు బుట్టలను పసుపు వేసి మరిగించిన నీళ్లతో కడిగి ఎండబెట్టాను. మరకలు పోలేదు, ఉల్లిపాయలు వేసుకుంటున్నాను.

కాలువల్లో కుప్పలు కుప్పలుగా ఉండే గుర్రపుడెక్కతో చేయొచ్చు కదా అని ప్రతిసారీ ఒకరు అడుగుతారు. చేయొచ్చు. నేనూ ఒక గోనెసంచి నిండా కాడలు తెచ్చి ఎండబెట్టాను. మొక్కలో నీళ్లు తప్ప ఏముంది, చివరికి రెండు గుప్పిళ్లు మిగిలాయి. అవీ వానాకాలంలో బూజు పట్టాయి. పైగా మన కాలువల నీళ్లలో చేతులు పెట్టాలంటే చేతి తొడుగులు తప్పనిసరి. పెద్ద ఎత్తున ఎండబెట్టే చోటు, మనుషులు ఉన్నవాళ్ల పని అది. ఇంటి వసారాలో అయ్యేది కాదు.

ప్లాస్టిక్ పట్టీలు వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ చుట్టుపక్కల పార్శిళ్లు విప్పేచోట కావలసినన్ని దొరుకుతాయి. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు ఇవ్వకూడదన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి ఉన్నా, పటమట రైతుబజారులో ఇంకా పలుచని కవర్లు చేతిలో పెడుతూనే ఉంటారు. వాటిని తిప్పికొట్టాలంటే ఐదారు కిలోల కూరగాయలు మోసే బుట్ట మన చేతిలో ఉండాలి. ఆ పనికి పట్టీల బుట్టే గట్టిది, తడిసినా లెక్కలేదు. మేడ మీద ఎండలో వదిలేసిన దాని సంగతి మాత్రం చెప్పాలి. మూడో వేసవికి పెళుసెక్కి, పట్టుకుంటే ముక్కలు ముక్కలుగా చేతికి వచ్చింది. ఆ ముక్కలను ఏరడం నా వల్ల కాలేదు. తాటాకు పాడైతే మట్టిలో కలుస్తుంది, ఇది కలవదు. కాబట్టి నీడన ఉంచుకునేవాళ్లకు మాత్రమే చెబుతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది చేయాలంటే నా ఓటు పాత చీరకే. సామగ్రి ఇంట్లోనే ఉంటుంది, తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు, తడిస్తే ఉతుక్కోవచ్చు. కత్తికీ ఈనెకూ జడవని చేతులుండి, పల్లెలో ఆకు కోసిచ్చేవాళ్లు తెలిస్తే తాటాకు. బజారుకు బరువు మోయడానికి పట్టీలు. ఎండలు ముదిరిన రోజుల్లో పిల్లలకు సెలవులిచ్చి ఇల్లంతా గోల చేస్తుంటే కాగితం గుజ్జును మించిన పని లేదు. చింపడం, నానేయడం, రుబ్బిన ముద్దను మెత్తడం, అన్నీ వాళ్ల చేతులకు అందే పనులే.

మొన్న వేసవిలో నేనూ పిన్నిగారూ కలిసి మళ్లీ నాలుగు గుజ్జు తట్టలు చేశాం, మెంతులు తగ్గించకుండా. అవి కింద పెట్టలేదు. పై వాటాలో ఆవిడ బీరువా మీద ఉన్నాయి.