బెల్లం లేని అల్లం పచ్చడి, 14 నెలల తర్వాత

చక్కెరకి బదులు వాడే, స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి), ఎరిథ్రిటాల్ (చక్కెరలా పలుకులుగా ఉండే మరో తీపి పదార్థం) కలిపిన పొడి గురించి అందరికీ తెలిసినవి మళ్లీ చెప్పను. 14 నెలలుగా దీన్ని ఎక్కువగా అల్లం పచ్చడిలోనే వాడుతున్నాను. నా కోపమంతా ఒక్కదాని మీదే, పలుకులు.

మొదట్లో మురిపెమే. మా ఇంట్లో అల్లం ఎంతో చింతపండు అంత, బెల్లం దానికి రెండింతలు. నాకు షుగర్ వచ్చాక పెసరట్టు మిగిలిందిగానీ పక్కన పచ్చడి పోయింది. బెల్లం మంచిదే కదా అని కొన్నాళ్లు నన్ను నేనే మోసం చేసుకున్నా. షుగర్ దగ్గర అదీ చక్కెరకి చుట్టమే. ఈ పొడి వేస్తే స్టీవియా చివర్లో వదిలే చేదు అల్లం ఘాటులో కలిసిపోయింది. ఆ ఊపులో మా చెల్లి చేత, పక్కింటావిడ చేత కూడా కొనిపించా.

సంక్రాంతికి మరిది వాళ్లు వస్తున్నారని రెండు రోజుల ముందే సీసాడు చేసి ఫ్రిజ్‌లో పెట్టా. అంతవరకూ గుప్పెడంత చేసుకుని ఆ రోజే తినేసేదాన్ని. పెసరట్టు రెండో ముక్కకే మరిది నమలడం ఆపేశాడు.

“వదినా, అల్లం సరిగ్గా కడగలేదా? ఇసుక తగులుతోంది.”

మూడు నీళ్లు పోసి కడిగి, చెక్కు తీసిన అల్లం! అత్తయ్యగారు ఏమీ అనకుండా పచ్చడిని ప్లేటు అంచుకి జరిపేశారు, అది ఇంకా బాధ. చింతపండుని, ఉప్పుని, చివరికి మిక్సీ జారుని కూడా అనుమానించా. మధ్యాహ్నం కాస్త పచ్చడి గరిటెలో వేసి వేడి చేస్తే పలుకులు మాయం. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూస్తే మళ్లీ ప్రత్యక్షం. దొంగ దొరికింది.

మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్లలో చక్కెర 200 గ్రాముల దాకా కరుగుతుంది, ఎరిథ్రిటాల్ దాదాపు 60 గ్రాములే. చల్లబడితే ఇంకా తక్కువ. ఉడికేటప్పుడు బుద్ధిగా కరిగి, ఫ్రిజ్‌లో గడ్డకట్టి పళ్ల కింద కరకరమంటుంది. పైగా బెల్లం ఇచ్చే జిగురు, నిగనిగ ఉండవు. నిల్వా తక్కువే. ఓసారి బయట మరిచిపోతే నాలుగో రోజుకే బూజు.

ఇప్పుడు చింతపండు సగానికి తగ్గించా. పులుపు తగ్గితే తీపి అవసరమూ తగ్గుతుందని ఇన్నేళ్లు వండినా తట్టలేదు! బెల్లం పాత కొలతలో నాలుగో వంతు, పొడి ఒక్క చెంచా. పలుకు లేదు. రంగు మాత్రం కాస్త వెలవెలబోతుంది.

ఇది మా ఇద్దరికి, వారానికో చిన్న గిన్నెడు చేసుకునే ఇంటికి సరిపోయింది. నాకు షుగర్, ఆయనకి లేదు, ఒకే పచ్చడి ఇద్దరం తినాలి. నిల్వ పచ్చడి జాడీలకెత్తే ఇళ్లకి ఇది పనికొస్తుందని చెప్పలేను. బరువు తగ్గడానికి స్టీవియా లాంటి తీపులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి ఆ సలహా వర్తించదన్నారు కాబట్టి నేను మానలేదు. మా చెల్లికి మాత్రం షుగర్ లేదు, ఫోన్ చేసి డబ్బా పక్కన పెట్టేయమన్నా.

మిగిలిన పొడి నా కాఫీలోకి పోతోంది. వేడిగా తాగేస్తాను కాబట్టి అక్కడ ఇసుక గొడవ లేదు.