మా మేడగదిలో నాలుగేళ్లుగా యమహా హెచ్‌ఎస్5 స్పీకర్లు

మొదట్లో నేను మిక్సింగ్‌కి, అంటే రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ సమతూకంగా కలపడానికి, వాడింది టీవీకి తగిలించే 2.1 సెట్ (రెండు చిన్న స్పీకర్లు, ఒక బేస్ పెట్టె). దాని ఊఫర్ గదంతా అదరగొట్టేది. బేస్ ఎక్కువైందనుకుని తగ్గించేసేవాణ్ని. తీరా అదే పాట ఫోన్‌లో వింటే డప్పు చచ్చిపోయి, గొంతు ఒక్కటే తేలి వినిపించేది. జముకు అనే తీగ వాయిద్యంతో పాడే జముకుల పాటలు, ఛాతీకి తప్పెట కట్టుకుని పాడే తప్పెటగుళ్లు రికార్డు చేసేవాడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. మా విజయనగరం, శ్రీకాకుళం పాటలకు ఆ మోతే ప్రాణం.

అప్పుడు, మిక్సింగ్ కోసమే చేసిన స్టూడియో స్పీకర్లు, యమహా హెచ్‌ఎస్5 జత కొన్నాను. నాలుగేళ్లు దాటింది. ఒక్కో స్పీకర్‌లో బేస్ పలికే 5 అంగుళాల ఊఫర్, సన్నటి శబ్దాలు పలికే 1 అంగుళం ట్వీటర్, రెండిటికీ వేరువేరు ఆంప్లిఫైయర్లు, కలిపి 70 వాట్లు. ఇవి విడివిడిగా అమ్ముతారు కాబట్టి, చూపించిన ధర ఒకదానికా జతకా అన్నది చూసుకుని కొనండి.

మొదటి వారం అస్సలు నచ్చలేదు. ఏ పాట పెట్టినా పొడిగా అనిపించింది. రెండో వారానికి గానీ విషయం అర్థం కాలేదు. గాయని పలికే ‘స’, ‘శ’ చెవిలో గుచ్చుకుంటున్నాయంటే ఆ తప్పు నా రికార్డింగ్‌లోనే ఉంది, పాత సెట్ దాన్ని కప్పిపెట్టింది. ఇవి కప్పవు.

ఆ తర్వాత అసలు తలనొప్పి మొదలైంది. స్పీకర్లు ఆన్ చేస్తే సన్నగా ‘మ్‌మ్’ అని హమ్. స్పీకర్ పాడైందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చూస్తే మా పాత ఇంట్లో మేడ మీది ప్లగ్గులకి ఎర్తింగే లేదు. పెరట్లో గొయ్యి తీయించి, ఉప్పు, బొగ్గు వేయించి, వైరు పైకి లాగించాం. కంప్యూటర్ శబ్దాన్ని స్పీకర్లకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి, దారిలో చేరే రొదని తగ్గించే బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వేశాను. హమ్ పోయింది. స్పీకర్ల బడ్జెట్‌లో ఎలక్ట్రీషియన్ ఖర్చు కూడా కలుపుకోండి.

ఇక గది. మాది పొడవు 10 అడుగులు. అంత పొడవున్న గదిలో 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనాలు) దగ్గరి బేస్ శబ్దం రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. గోడల దగ్గర ఉబ్బుతుంది, సరిగ్గా నడిమధ్యన మాయమవుతుంది. నా కుర్చీ ఉన్నది ఆ నడిమధ్యనే! కుర్చీని ఎదుటి గోడకి నాలుగడుగుల దూరానికి జరిపాక బేస్ తిరిగొచ్చింది. ఈ స్పీకర్లకి గాలి రంధ్రం వెనకవైపు ఉంటుంది, గోడకి ఆనిస్తే మోత ముద్దగా అయిపోతుంది. జానెడు దూరం జరిపి, వెనకున్న, బేస్ తగ్గించే రూమ్ కంట్రోల్ స్విచ్‌ని మైనస్ 2 డెసిబెల్స్‌కి పెట్టాను. మోతని కొంత పీల్చుకుంటాయని మూలల్లో పాత దూది పరుపులు రెండు నిలబెట్టాను. ట్వీటర్లు చెవి ఎత్తుకి వచ్చేలా కింద ఇటుకలు పెట్టి, వాటి మీద రబ్బరు షీటు వేశాను.

అన్నీ కుదిరాక, జముకు వాయించే పెద్దాయన ఒకరు తన రికార్డింగ్ వినడానికి వచ్చారు. జముకుకి తీగ ఎంత లాగితే శ్రుతి అంత పెరుగుతుంది. కళ్లు మూసుకుని వింటూ మూడో చరణం దగ్గర చెయ్యెత్తారు. “ఇక్కడ తీగ సడలిపోనాది బాబూ, నీకు ఇనబడలేదేటి?” మళ్లీ వేసి విన్నాను. నిజమే, సడలింది. అంత చిన్న తేడా వినిపించే స్పీకర్లు నా గదిలో ఉన్నందుకు ఆ రోజు చాలా సంతోషం వేసింది.

అయితే ఇవి ఎంత కిందికి దిగినా 54 హెర్ట్జ్ వరకే, ఆ అంచున ధ్వని బాగా పలచబడుతుంది. నా మిక్స్ ఒకటి జాతరలో పెద్ద బాక్సుల్లో వేస్తే, ఇంట్లో నాకు వినబడని గురగుర మోత పైకొచ్చి పాటని మింగేసింది. అప్పట్నుంచి గొంతు ట్రాకుల్లో అడుగు (బాగా కిందిస్థాయి బేస్) కోసేస్తాను, డప్పు అడుగుని హెడ్‌ఫోన్స్‌లో విని సరిచూస్తాను. అడుగు బేస్ కోసం విడిగా పెట్టే సబ్ ఊఫర్ కొనమంటారు గానీ ఇంత చిన్న గదిలో దాన్ని అదుపులో పెట్టడం కష్టం.

శ్రీకాకుళంలో ఉండే మా బావమరిది ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకోవడానికి ప్రీసోనస్ ఎరిస్ ఈ3.5 అనే చిన్న స్పీకర్లు తీసుకున్నాడు. ఊఫర్ 3.5 అంగుళాలే, 80 హెర్ట్జ్ దాకానే దిగుతుంది. గొంతు, వీణ, హార్మోనియం రికార్డు చేసుకునేవాళ్లకి అది చాలు. డప్పు, జముకు మిక్స్ చేయాలంటే మాత్రం 5 అంగుళాలకి తగ్గొద్దు. డబ్బు సరిపోకపోతే ఇంకో నాలుగు నెలలు ఆగి కొనండి, ఆలోగా పరుపులూ ఎర్తింగూ సిద్ధం చేసుకోవచ్చు.