మహిళల యూరో హ్యాండ్‌బాల్: ఇన్స్‌బ్రుక్, డెబ్రెట్సెన్, వియన్నా

ఆట కోసమే వెళ్ళేవాళ్ళకు డెబ్రెట్సెన్, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఇన్స్‌బ్రుక్. ఫైనల్ జరిగిన వియన్నాది నా లెక్కలో మూడో స్థానం. ఈ మాట వియన్నాలో ఉండే తెలుగువాళ్ళకు నచ్చదని తెలుసు. అయినా మూడు ఊళ్ళూ తిరిగి, మూడు హాళ్ళలోనూ కూర్చున్నాక నాకు అనిపించింది ఇదే.

2024 మహిళల యూరో, అంటే యూరప్ దేశాల హ్యాండ్‌బాల్ ఛాంపియన్‌షిప్, నవంబరు 28 నుంచి డిసెంబరు 15 దాకా ఆస్ట్రియా, హంగరీ, స్విట్జర్లాండ్‌లలో జరిగింది. 24 జట్లతో ఆడించడం అదే మొదటిసారి. తొలి దశ ఇన్స్‌బ్రుక్, బాసెల్, డెబ్రెట్సెన్‌లలో, రెండో దశ డెబ్రెట్సెన్, వియన్నాలలో, సెమీఫైనల్స్, ఫైనల్ వియన్నాలో పెట్టారు. మేం ఉండేది మ్యూనిక్‌లో. మా అమ్మాయి ఇక్కడి క్లబ్బులో హ్యాండ్‌బాల్ ఆడుతుంది. జర్మనీలో ఫుట్‌బాల్ తర్వాత పిల్లల్ని ఎక్కువగా చేర్పించే ఆటల్లో ఇదొకటి. మన దగ్గర స్కూలు గ్రౌండ్లలో ఆడేవాళ్ళున్నా, టీవీలో చూసేవాళ్ళు తక్కువ. 2023లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు తెలుగు టాలన్స్ అని మన పేరుతో ఒక జట్టు ఉండేదని చెబితే, తెనాలి నుంచి వచ్చిన మా మామయ్యగారు నమ్మలేదు.

ఇన్స్‌బ్రుక్‌కు అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వచ్చారు. మ్యూనిక్ నుంచి నేరుగా వెళ్ళే రైలులో రెండు గంటలు కూడా పట్టదు. చవకగా వెళ్ళాలంటే నెలకు 49 యూరోల జర్మనీ టికెట్టు, అంటే దేశమంతా లోకల్ రైళ్ళలో చెల్లే పాస్, అప్పట్లో ఉండేది. సరిహద్దు దాటి కుఫ్‌స్టైన్ దాకా అది చెల్లుతుంది, అక్కడి నుంచి ఇన్స్‌బ్రుక్‌కు మాత్రం విడిగా కొనుక్కుంటే చాలు. మాకు పాస్ ఉంది కాబట్టి అలాగే వెళ్ళాం. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో తిరిగేవాళ్ళకు ఒక మాట. షెంగెన్ కదా, తనిఖీ ఉండదనుకుని పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి రావద్దు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు పోలీసులు రైలెక్కి మా అందరి కాగితాలూ చూశారు. మర్యాదగానే చూశారు కానీ మామయ్యగారికి ఇల్లు చేరేదాకా టెన్షన్ తగ్గలేదు.

ఆటలు ఒలింపియాహాలెలో జరిగాయి. 1964 శీతాకాల ఒలింపిక్స్ కోసం కట్టిన హాలు అది. రైల్వే స్టేషన్ నుంచి బస్సు ఉంది, నడవగలిగితే అరగంట లోపే. చుట్టూ మంచు కప్పిన కొండలు కాబట్టి నడవడమే మంచిది. ఇన్స్‌బ్రుక్‌లో రెండు రాత్రులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండేవాళ్ళకు వెల్‌కమ్ కార్డు ఉచితంగా ఇస్తారు, దానితో ఊళ్ళో బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, చేరగానే అడగండి. మేం దిగింది స్టేషన్ దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్లో. గది ఇరుకు. హీటర్ బాగా పనిచేసింది, వేడినీళ్ళకు కొరత లేదు, పొద్దున టిఫిన్‌లో రొట్టె, చీజ్, ఉడికించిన గుడ్లు పెట్టారు. అత్తయ్యగారు పెరుగులో కలుపుకోవడానికి వెంట తెచ్చిన మాగాయ వాళ్ళకూ రుచి చూపించారు. ఆ ఇల్లావిడ రెండోసారి అడిగి మరీ వేయించుకుంది.

డిసెంబరు 1న ఒకే సాయంత్రం రెండు ఆటలు చూశాం. జర్మనీ మీద నెదర్లాండ్స్ గెలవడం మా అమ్మాయికి పెద్ద దెబ్బ. నాకు మాత్రం ఐస్‌లాండ్, ఉక్రెయిన్ ఆటే బాగా నచ్చింది. అంతకుముందు రెండు యూరోల్లో ఆడి ఒక్క ఆటా గెలవని ఐస్‌లాండ్ అమ్మాయిలకు ఆ రోజు దక్కిందే మహిళల యూరోలో వాళ్ళ మొదటి గెలుపు. నీలం చొక్కాల అభిమానులు కొద్దిమందే అయినా, మూల సీట్ల నుంచి వాళ్ళ చప్పట్లు హాలంతా వినిపించాయి. హాల్లో మరీ రద్దీ లేదు. టాయిలెట్ల దగ్గర వరుసల్లేవు, పెద్దవాళ్ళు మెట్లు దిగడానికి ఎవరూ తోసుకోలేదు. ఆట తెలియని మామయ్యగారు, గోలు ముందు డిఫెండర్లు తమ మధ్యే నిలబడి ఆడే అవతలి జట్టు పివట్ ప్లేయర్‌ని పట్టుకుని వదలకపోవడం చూసి, ఇది బంతితో ఆడే కబడ్డీ అని తేల్చేశారు. అరగంట చొప్పున రెండు భాగాలు, ఎటు చూసినా గోల్స్ పడుతూనే ఉంటాయి. ఆయనకు విసుగు రాలేదు.

ఆ రోజు ఆదివారం. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. స్టేషన్‌లో ఉన్నది తెరిచి ఉంటుంది, నీళ్ళూ పళ్ళూ అక్కడే కొన్నాం. శాకాహారులకు కాస్త ఇబ్బందే. బంగారు కప్పు మేడ ముందు క్రిస్మస్ సంతలో చీజ్ వేసి కలిపే నూడుల్స్ లాంటి ష్పెట్స్‌లె, కాల్చిన చెస్ట్‌నట్ కాయలు దొరుకుతాయి. హాల్లో మాత్రం సాసేజ్, చిప్స్, ఉప్పు రొట్టె, అంతే. కాబట్టి తినేసి వెళ్ళండి.

బాసెల్‌కు మేం వెళ్ళలేదు, హోటల్ ధరలు చూసి వెనక్కి తగ్గాం. అటు వెళ్ళిన మా స్నేహితులు సరిహద్దుకు ఇవతల జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌లో గది తీసుకుని, 8వ నంబరు ట్రాములో బాసెల్ చేరారు. తెలివైన పని.

తర్వాతి దశకు డెబ్రెట్సెన్ వెళ్ళింది మేం ముగ్గురమే. పెద్దవాళ్ళను తీసుకెళ్ళకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ప్రయాణం నిజంగా అలసట. సెప్టెంబరు వరదల్లో సెంట్ పోల్టెన్, వియన్నా మధ్య కొత్త రైలు మార్గం దెబ్బతింది. అది బాగుచేసేదాకా బండ్లను పాత లైను మీదుగా నడిపారు, మాది ఆలస్యంగా నడిచింది. బుడాపెస్ట్‌లో కెలెతి స్టేషన్‌లో దిగి, మెట్రో మారి న్యుగతి స్టేషన్‌కు వెళ్ళి, అక్కడి నుంచి డెబ్రెట్సెన్ బండి పట్టుకోవాలి. అది ఇంకో రెండున్నర గంటల పైనే. రెండు స్టేషన్ల మధ్య మార్పుకు గంటకు తగ్గకుండా ఉంచుకోండి. చేతిలో పెట్టె ఉంటే మెట్రో మెట్ల మీద ఇంకా ఆలస్యం.

ఊరు చేరాక మాత్రం అంతా సులువే. స్టేషన్ ముందే 1వ నంబరు ట్రాము ఎక్కితే పసుపు రంగు పెద్ద చర్చి మీదుగా యూనివర్సిటీ దాకా వెళుతుంది. 1849లో హంగరీ నాయకుడు కొషూత్ హాబ్స్‌బర్గ్ రాజుల పాలన చెల్లదని హంగరీ స్వాతంత్ర్యం ప్రకటించింది ఆ చర్చిలోనే. మెడిసిన్ చదివే విదేశీ విద్యార్థులు, వాళ్ళలో మనవాళ్ళు కూడా, చాలామంది ఉన్న ఊరు. అందువల్ల కుర్రాళ్ళు పనిచేసే షాపుల్లో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, పెద్ద వయసువాళ్ళ దగ్గర సైగలే. ఒక యూరోకు అప్పట్లో 400 ఫోరింట్లకు పైనే వచ్చేవి. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకున్నారు కాబట్టి మేం మార్చిన నోట్లు చాలావరకు మిగిలిపోయాయి. మేం తీసుకున్న అపార్ట్‌మెంట్ పాత భవనంలో, లిఫ్ట్ లేదు. కానీ లోపల శుభ్రంగా ఉంది, వంటగదిలో కుక్కర్ తప్ప అన్నీ ఉన్నాయి, అద్దె వియన్నాలో ఇచ్చినదానిలో సగం కూడా కాదు. అన్నం గిన్నెలో వండుకుని, చారు పొడితో చారు పెట్టుకున్నాం. బయట తినాలంటే లాంగోష్ ఉంది. నూనెలో వేయించిన పెద్ద పూరీ లాంటి రొట్టె మీద వెల్లుల్లి, మీగడ, చీజ్ వేస్తారు. ఒకటి కొంటే ఇద్దరికి సరిపోతుంది.

ఫోనిక్స్ అరేనా చర్చి దగ్గర నుంచి నడిస్తే సుమారు అరగంట. దాదాపు 8,500 మంది పట్టే హాలు. హంగరీ, రొమేనియా ఆట రోజున దాని చుట్టూ పండగే. రొమేనియాలోని ఒరాడియా ఇక్కడికి గంటన్నర దూరంలోపే, అందుకని పసుపు చొక్కాలవాళ్ళూ బాగానే వచ్చారు. లోపల కూర్చున్నాక పక్కనున్న మా ఆయనతో మాట్లాడాలంటే చెవిలో అరవాల్సి వచ్చింది. అప్పట్లో డెబ్రెట్సెన్ క్లబ్బుకే ఆడుతున్న పెట్రా వామోష్ పేరు మైకులో చెప్పగానే లేచిన అరుపు ఇంకే ప్లేయర్‌కీ లేవలేదు. ముందు వరుసల దగ్గర ఇంకో సంగతి కనిపించింది. బంతి జారకుండా వేళ్ళకు రాసుకునే జిగురును ప్లేయర్లు షూ పక్కన ముద్దగా అతికించుకుని, ఆట మధ్యలో వేలితో తీసుకుంటారు. టీవీలో ఎన్నిసార్లు చూసినా నేను గమనించలేదు. అప్పటి నుంచి మా అమ్మాయి షూ సంగతి ఏమైందో అడక్కండి.

హంగరీ గెలిచింది. ఆట అయ్యాక బయటపడటానికి చాలాసేపు పట్టింది, కోట్లు దాచే కౌంటర్ దగ్గర వరుస ముందుకు జరగనే లేదు. తినేవాటి దగ్గర కూడా అంతే, హాఫ్‌టైమ్‌లో వెళితే రెండో భాగం మొదలయ్యాకే తిరిగొస్తారు. సర్వీసుల విషయంలో ఇన్స్‌బ్రుక్‌కు ఇది దగ్గరికి కూడా రాదు. అయినా సరే, ఒక్క ఆటే చూసే వీలుంటే నేను మళ్ళీ ఈ హాలుకే డబ్బు పెడతాను.

వియన్నాలో హాలు చేరడం అన్నిటికన్నా తేలిక. 1958లో తెరిచిన ష్టాట్‌హాలె, యూ6 మెట్రోలో బుర్గ్‌గాసె స్టేషన్ ఎదురుగానే ఉంటుంది. ఆట అయ్యాక అందరూ అక్కడే ఎక్కుతారు. మీరు పదినిమిషాలు నడిచి వెస్ట్‌బాన్‌హోఫ్‌లో ఎక్కండి, అక్కడ యూ3 కూడా దొరుకుతుంది. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది. 72 గంటల టికెట్టు అప్పుడు 17.10 యూరోలు. హాల్లోకి ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగు రానివ్వరు, బయట వదలాల్సిందే.

కానీ వసతి? క్రిస్మస్ సంతల వారాంతాలు కావడంతో అన్నీ మండిపోయే ధరలు. హాలుకు దగ్గరగా ఉందని తీసుకున్న అపార్ట్‌మెంట్లో తాళం పెట్టె కోడ్ పనిచేయలేదు. యజమాని ఫోన్ ఎత్తేసరికి చలిలో వీధిలో గంటకు పైగా నిలబడ్డాం. లోపల ఒక గదిలోనే హీటర్. శుభ్రత కోసం విడిగా వసూలు చేసిన డబ్బు ఎక్కడ ఖర్చయిందో సింక్ చూస్తే అర్థం కాలేదు. ఇంకోసారి అయితే యూ3 మీద కొన్ని స్టేషన్లు దూరంగా ఉన్న మామూలు హోటల్ తీసుకుంటాను. తిండికి మాత్రం వియన్నాకు పూర్తి మార్కులు. హాలు నుంచి నడిచి వెళ్ళగలిగే బ్రున్నెన్‌మార్క్‌ట్ సంతలో కొత్తిమీర, పచ్చిమిర్చి, వంకాయలు దొరికాయి. వీనర్ దివాన్ అనే పాకిస్తానీ హోటల్లో పప్పు, అన్నం, కూరలు కావలసినంత తిని మనకు తోచినంత ఇవ్వవచ్చు. కుళాయి నీళ్ళు ఆల్ప్స్ ఊటల నుంచి వస్తాయి, సీసాలు కొనడం దండగ.

సొంత జట్టు ఆస్ట్రియా తొలి దశలోనే వెళ్ళిపోవడంతో వియన్నాలో రెండో దశ ఆటల రోజున పై వరుసలు చాలా ఖాళీగా కనిపించాయి. ఇంత పెద్ద హాలులో ఖాళీ ఉంటే అరుపులు కూడా పలచబడతాయి. నేను ఈ ఊరికి మూడో స్థానం ఇవ్వడానికి వసతి కన్నా ఇదే పెద్ద కారణం. ఆఖరి రోజు వేరే సంగతి. కంచు పతకం ఆటలో హంగరీ 25–24తో ఫ్రాన్స్‌ను ఓడించి, 2012 తర్వాత మళ్ళీ యూరో పతకం అందుకుంది. డెబ్రెట్సెన్‌లో విన్న అరుపులే ఇక్కడా విన్నాం. తర్వాత ఫైనల్లో నార్వే 31–23తో డెన్మార్క్‌ను ఓడించింది. పదహారు యూరోల్లో నార్వేకు ఇది పదో టైటిల్. 2009 నుంచి కోచ్‌గా ఉన్న ఐస్‌లాండ్ మనిషి థోరిర్ హెర్గెయిర్సన్‌కు అదే ఆఖరి టోర్నీ. గోలు వెనక సీట్లు చవక అని తీసుకున్నాం, వల అడ్డం వస్తుందేమో అనుకున్నాం కానీ 44 ఏళ్ళ నార్వే గోల్‌కీపర్ కాత్రినె లుండెను గోల్లో అంత దగ్గర నుంచి చూడటానికి అవే సరైన సీట్లు. ఆట మొత్తం ఎటు కదులుతోందో చూడాలనుకునేవాళ్ళు పక్క సీట్లు, మధ్య ఎత్తులో కొనుక్కోండి.

2026 యూరో డిసెంబరు 3 నుంచి 20 దాకా, ఐదు దేశాల్లో. బ్ర్నో, బ్రాటిస్లావా, అంటాల్యా, క్లుజ్, ఒరాడియా, కటోవీత్సె ఊళ్ళు, ఫైనల్ కటోవీత్సెలో. మేం మళ్ళీ తొలి దశకే వెళ్ళాలనుకుంటున్నాం, బ్ర్నో అయితే వియన్నా నుంచి దగ్గర. అంటాల్యా వైపు చూస్తున్నవాళ్ళు షెంగెన్ వీసా ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దు. టర్కీ షెంగెన్‌లో లేదు, దానికి విడిగా ఈ-వీసా తీసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా గానీ రెసిడెన్స్ కార్డు గానీ ఉన్న భారతీయులకు అది ఆన్‌లైన్లోనే ఇస్తారు.