కొనేముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి సామీ

తిరుపతిలో ఆర్టీసీ బస్టాండు నుంచి నడిచి పోవచ్చు, సందులో చిన్న పాత పుస్తకాల షాపు, బోర్డు కూడా సరిగ్గా లేదు. లడ్డు కవర్లు పట్టుకుని పోయేవాళ్ళు ఎవరూ తల తిప్పి చూడరు గానీ నాలాంటి డిటెక్టివ్ నవలల పిచ్చోళ్ళకి అదే వైకుంఠం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు, మధుబాబు గూఢచారి షాడో, అన్నీ కింద అరలో కట్టలు కట్టి పడేసుంటాయి, దుమ్ము దులుపుకుంటా ఏరుకోవాల్సిందే. ఒకదాంట్లో అద్దె లైబ్రరీ స్టాంపు పక్కనే బాల్ పెన్నుతో "హంతకుడు డాక్టరే" అని ఎవడో రాసి చచ్చాడు, వాడిని ఏ యుగంధర్ పట్టుకోవాలో!

ఇంగ్లీషువి తక్కువ. అగాథా క్రిస్టీ 66 డిటెక్టివ్ నవలలు రాస్తే నాకు ఇక్కడ దొరికినవి 9.

రేటు 30 నుంచి 80, చదివి తెచ్చిస్తే సగం వెనక్కిస్తాడు, అన్న మంచోడే. ఒకటే కడుపుమంట, పోయినవారం కొన్నది రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చదివితే, ఇన్‌స్పెక్టర్ అందర్నీ హాల్లో నిలబెట్టి గొంతు సవరించుకున్నాడు, అంతే, తర్వాత పేజీ లేదు, చివరి 16 పేజీలు కుట్టు తెగి ఊడిపోయినాయి. పొద్దున్నే పోయి అడిగితే "ఎవరై ఉంటారో మీరే చెప్పండి సార్" అని నవ్వుతాడే! వేరేది ఊరికే ఇచ్చినాడులే. నాకైతే ఇంకా ఆ వంటమనిషి మీదే డౌటు.