కిరాణంలో దొరికే క్వార్టర్: బెల్టు షాపు మందు మీద సమీక్ష

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఉప్పు, పప్పు, పిల్లల చిప్స్ ప్యాకెట్ అమ్మే చోటనే చీప్ లిక్కర్ క్వార్టర్ కూడా దొరుకుతుంది. లైసెన్సు వైన్స్‌కు ఉంటది, ఊర్లో బెల్టు షాపుకు ఉండదు. కాబట్టి ఈ సమీక్ష సీసా గురించే కాదు, దాన్ని అమ్మే తీరు గురించి కూడా.

ముందు సీసా. 180 మిల్లీలీటర్లు, లేబుల్ మీద 42.8 శాతం. అంటే అందులో 77 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్, బరువులో 61 గ్రాములు. విస్కీ అని రాసినా, బ్రాందీ అని రాసినా చీప్ రకాల్లో ఎక్కువభాగం చక్కెర మడ్డి నుంచి తీసిన స్పిరిటే. నీళ్లు, క్యారమెల్ రంగు, వాసన కలుపుతారు. 60 కిలోల మనిషి ఖాళీ కడుపున ఒక క్వార్టర్ గబగబా తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ దాదాపు 150 మిల్లీగ్రాములకు చేరుతుంది. బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 30. లివరు గంటకు సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది కాబట్టి రాత్రి 11కి తాగినోడు పొద్దున 6కి పాల క్యాన్లు కట్టుకొని బండెక్కినా హద్దు దాటే ఉంటాడు. చన్నీళ్ల స్నానం, నిమ్మరసం, చాయ్ ఈ లెక్కను మార్చవు.

బీరు తేలిక అనే నమ్మకం కుర్రాళ్లలో గట్టిగా ఉంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు, 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములుంటాయి. రెండు తాగితే క్వార్టర్‌ను దాటేసినట్టే.

ఇక అమ్మకం. ఎమ్మార్పీ మీద 10 నుంచి 30 రూపాయలు ఎక్కువే తీసుకుంటారు. అయినా గిరాకీ తగ్గదు, ఎందుకంటే అక్కడ ఉద్దెర నడుస్తుంది, నైంటీ (90 మిల్లీలీటర్లు) దొరుకుతుంది, వైన్స్ రాత్రి 10కి మూసినా ఇక్కడ తలుపు కొడితే చాలు. లూజుగా గ్లాసులో పోసేది అన్నిటికన్నా చెడ్డది. మూత సీలు, హోలోగ్రామ్ చూసుకునే వీలుండదు, కల్తీ జరిగితే పట్టుకునే దారే లేదు.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మందు అమ్మకూడదు. వయసు అడిగే బెల్టు షాపు ఎక్కడుంది? నాన్న పంపితే తెచ్చిన పదో తరగతి పిల్లాడు, ఇంటర్‌కు వచ్చేసరికి తనకోసం తెచ్చుకుంటాడు. స్కాట్లాండ్‌లో సూపర్‌మార్కెట్ల చౌక మందుకు 2018లో కనీస ధర పెట్టారు. మందు వల్ల వచ్చే మరణాలు సుమారు 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్కగట్టింది. మన ఊళ్లలో ధర ఒక్కటే పెంచితే సరిపోదు. ఉద్దెర పద్దు, ఇంటి పక్కనే కొట్టు ఉన్నంతకాలం పెరిగిన ధర అప్పులోకే పోతుంది. మా తీర్పు ఇదే: ఈ అమ్మకం మొత్తంగా ఊరికి నష్టం, మూయించాల్సిందే.

డీజే రాత్రుల్లో, నిమజ్జనంలో ఎవరైనా తాగి పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి వదిలేయొద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోవచ్చు. పక్కకు తిప్పి, పైనున్న మోకాలు మడిచి, ఒకరు దగ్గరే కూర్చోవాలి. మజ్జిగ తాగించొద్దు, వేళ్లు పెట్టి కక్కించొద్దు. పిలిస్తే పలక్కపోయినా, శ్వాస నిమిషానికి 8 కన్నా తగ్గినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి.

పంచాయతీ, మహిళా సంఘాలు తీర్మానం చేసి షాపు మూయించేటప్పుడు ఒక పని మరిచిపోతుంటారు. రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి; రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు; రెండో మూడో రోజు లేనివి కనబడి, మాట తడబడి, ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే సమయం పోతుంది. మూసే వారం ముందే రోజూ తాగేవాళ్ల జాబితా ఆశ కార్యకర్తతో రాయించి, పీహెచ్‌సీ డాక్టరుకు చూపించాలి. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లను, వణుకు ఎక్కువున్నవాళ్లను వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పంపాలి. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించేముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలని, రోజూ ఎంత తాగుతాడో, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో దాచకుండా చెప్పాలని ఇంటివాళ్లకు తెలిసుండాలి. ఫోన్ మీద సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446.