టిప్పు లేని బిల్లు: న్యూయార్క్ ప్రయోగం ఎక్కడ తడబడింది

డానీ మేయర్ న్యూయార్క్‌లోని తన రెస్టారెంట్లలో టిప్పు తీసేస్తానని 2015లో ప్రకటించారు. ‘హాస్పిటాలిటీ ఇన్‌క్లూడెడ్’ అనే ఆ పద్ధతి నవంబరులో ‘ద మోడర్న్’ రెస్టారెంటుతో మొదలై 2020 జూలైలో ఆగింది. తినడానికి వచ్చినవాళ్లకు ఇది హాయి. మెనూలో ఉన్న ధరలోనే వడ్డన ఖర్చూ ఉంటుంది, చివర్లో శాతాలు లెక్కేసుకునే పని ఉండదు.

మేయర్ ఆలోచించింది ముఖ్యంగా వంటవాళ్ల గురించి. న్యూయార్క్ చట్టం టిప్పులో వాళ్లకు వాటా ఇవ్వనివ్వదు. ధరలు పెరిగితే టిప్పూ పెరుగుతుంది, పొయ్యి దగ్గర నిలబడేవాళ్ల జీతం మాత్రం దానంతట అది కదలదు. డబ్బు ధరలోకి వస్తే అందరికీ పంచొచ్చు. ఇది న్యాయమైన ఆలోచన, ఇప్పటికీ.

చిక్కంతా లెక్కలో ఉంది. వంద డాలర్ల భోజనానికి 20 శాతం టిప్పు ఇస్తే, 8.875 శాతం అమ్మకపు పన్ను వంద మీదే పడి మొత్తం 128.88 అవుతుంది. ధరే 120 చేస్తే పన్ను కూడా 120 మీద పడి 130.65 అవుతుంది. తేడా రెండు డాలర్లు కూడా లేదు. అయినా మెనూలో కనిపించేది 120, పక్క రెస్టారెంటులో 100. యజమానికి ఇంకో భారం: టిప్పుల మీద కట్టిన 7.65 శాతం పేరోల్ పన్నులో (సిబ్బంది సంపాదన మీద యజమాని కట్టేది) చాలావరకు ఆదాయపు పన్నులో తగ్గించుకోవచ్చు, జీతాల మీద ఆ వెసులుబాటు లేదు.

అసలు దెబ్బ సర్వర్ల దగ్గర తగులుతుంది. అయిదు గంటల శుక్రవారం షిఫ్టులో వెయ్యి డాలర్ల బిల్లులు తెచ్చిన సర్వర్‌కు 20 శాతం చొప్పున గంటకు 40 డాలర్ల టిప్పు. సోమవారం బిల్లులు మూడొందలే అయితే గంటకు 12. అన్ని రోజులకూ కలిపి గంటకు పాతిక ఇస్తామంటే సోమవారం వాళ్లు సంతోషిస్తారు, శుక్రవారం షిఫ్టుల్లో ఉండే చెయ్యి తిరిగిన సర్వర్లు టిప్పులున్న చోటికి వెళ్లిపోతారు. అందుకే మేయర్ అమ్మకాల్లో వాటా కూడా ఇచ్చారు. చుట్టూ అందరూ టిప్పు తీసుకుంటుంటే అదీ చాలలేదు.

జీతం పెంచితే టిప్పు దానంతటదే పోతుందనుకోవద్దు. అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టంలో టిప్పు వచ్చేవాళ్ల కనీస నగదు జీతం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి ఏడు రాష్ట్రాల్లో మాత్రం టిప్పుతో నిమిత్తం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాలి. అక్కడా టిప్పు ఇస్తూనే ఉన్నారు.

బిల్లులో ‘సర్వీస్ చార్జీ’ అని కనిపిస్తే, అందులో సర్వర్‌కు ఎంత వెళుతుందో అడగండి. ఫెడరల్ పన్ను లెక్కలో తప్పనిసరి చార్జీ టిప్పు కాదు, రెస్టారెంటు రాబడి.